బొంగులో కూర ఉడుకుతుంది, బొంగెందుకు కాలిపోదు?

భద్రాచలం నుంచి మారేడుమిల్లి వైపు అడవిదారిలో బొంగు చికెన్ వండుతారు. నిప్పుల మీద పెట్టినా వెదురు బొంగు భగ్గున మండదెందుకు? పచ్చి బొంగులోనూ, లోపలి మాంసంలోనూ నీరుంటుంది. అది 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. అందుకే బొంగు పైపొర మాడినా, ఆకులతో మూతి బిగించిన లోపలి కూర ఆవిరికే ఉడుకుతుంది. నూనె చుక్కైనా అక్కర్లేదు.

మరి దోసెకో? కరకరలాడాలంటే ఆ వేడి చాలదు. బరువైన ఇనుప పెనం వేడిని నిలుపుకుంటుంది. పిండి పోయగానే చల్లారదు. పల్చటి అల్యూమినియం పెనం త్వరగా వేడెక్కి, త్వరగా చల్లారుతుంది.

చింతపండు పులుసు మాత్రం ఇనుములో వద్దు. పులుపుకి ఇనుము కరిగి కూర నల్లబడుతుంది. దానికి మట్టికుండే మేలు.

నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా మంట మీద వదలొద్దని ఇంట్లో చెప్పండి. మరీ వేడెక్కితే దాని పూత పాడై, హానిచేసే పొగలొస్తాయి.