గల్ఫ్‌లో గడిచిన ఏళ్లు ఏ లెక్కలోకి వస్తాయి?

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కో స్కాలర్‌షిప్‌కో దరఖాస్తు పెట్టుకునే కుటుంబం ముందుగా తేల్చాల్సినవి రెండు: పిల్లలు ఎక్కడ చదివారు, ఇంటి ఆదాయం ఎంత. ఉన్న ఊళ్లోనే బతుకుతున్నవాళ్లకు ఈ రెండింటికీ కాగితాలు దొరుకుతాయి. బడిలో స్టడీ సర్టిఫికెట్ ఇస్తారు. మీసేవలో అర్జీ పెడితే తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం ఇస్తారు. పదేళ్లు దుబాయిలోనో రియాద్‌లోనో పనిచేసి తిరిగొచ్చిన కుటుంబం మాత్రం సరిగ్గా ఈ రెండింటి దగ్గరే ఆగిపోతుంది. చదువు ఒకచోట, ఇల్లు ఒకచోట. నిన్నటి సంపాదన ఒకటి, ఇవాళ్టి పరిస్థితి ఇంకొకటి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి తరాలుగా సాగుతున్న వలస ఇది. అయినా చదువు సాయం నిబంధనలు రాసేటప్పుడు ఈ కుటుంబాలు ఎవరికీ గుర్తుకు రావు. పని కోసం బయటికి వెళ్లిన ఏళ్లను ఊరు విడిచిపోయిన ఏళ్లుగా చూడకూడదు. రుజువు చూపగలిగినవాళ్లకు వాటిని ఇంటి దగ్గర ఉన్న ఏళ్లతో సమానంగా లెక్కించాలి.

మన దగ్గర స్థానికతకు మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణం. దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్ష రాసిన విద్యా సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లే స్థానికులు. ఆ నాలుగేళ్లూ ఏ బడిలోనూ చదవనివాళ్లయితే, పరీక్షకు ముందు నాలుగేళ్లు అక్కడ నివసించి ఉండాలి. ఇందులో పెద్దగా ఎవరూ గమనించని మేలు ఒకటుంది. నాలుగేళ్ల లెక్క దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాక, పరీక్ష మొదటిసారి రాసిన ఏడాది నుంచి వెనక్కి నడుస్తుంది. కాబట్టి ఇక్కడే ఇంటర్ పూర్తిచేసి, ఇరవయ్యో ఏట గల్ఫ్‌కు పోయి, ఆరేడేళ్ల తర్వాత డిగ్రీ చదవాలని తిరిగొచ్చిన యువకుడు స్థానికుడిగానే మిగులుతాడు. ఐర్లాండ్‌లో ఇలా ఉండదు. అక్కడి విద్యార్థి గ్రాంటుకు, కోర్సు మొదలయ్యే ముందు ఐదేళ్లలో మూడేళ్లు ఆ దేశంలో ఉండి తీరాలి. ఆస్ట్రేలియాలో నాలుగేళ్లు పనిచేసి వచ్చిన ఐరిష్ పౌరుడికి, పుట్టింది, పెరిగింది, చదివింది అక్కడే అయినా, రాగానే ఆ గ్రాంటు రాదు. ఈ ఒక్క విషయంలో మన నిబంధనే వలస కార్మికుడికి న్యాయంగా ఉంది.

అయితే వలస కార్మికుడికి దక్కిన ఈ న్యాయం అతని పిల్లల దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది. కూలిపనికి వెళ్లినవాళ్లు పిల్లల్ని వెంట తీసుకెళ్లలేరు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే యూఏఈలో నెలకు కనీసం 4,000 దిర్హమ్‌ల జీతమో, వసతితో పాటు 3,000 దిర్హమ్‌లో ఉండాలి. అందువల్ల పిల్లలతో సహా అక్కడ ఉండేది ఎక్కువగా డ్రైవర్లు, టెక్నీషియన్లు, నర్సులు, గుమాస్తాలు. వీళ్లు ధనవంతులు కారు. ఉద్యోగం పోయిందంటే వీసా రద్దవుతుంది. వీసా రద్దయితే ఇంటిల్లిపాదీ ఇచ్చిన గడువులోగా సామాను సర్దుకోవాలి. పదకొండో తరగతి మధ్యలో తిరిగొచ్చిన బిడ్డకు ఇక్కడ నాలుగేళ్ల చదువు ఎక్కడి నుంచి వస్తుంది? స్థానికత తేలకపోతే కన్వీనర్ కోటాలో సీటు దొరకడమే కష్టం. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. అంటే స్థానికత పోతే సీటూ పోతుంది, సీటుతో పాటే సాయమూ పోతుంది.

వైద్య విద్య సీట్ల విషయంలో ఈ చిక్కు ఇటీవల బాహాటంగానే కనిపించింది. ఉమ్మడి ప్రవేశాలకు రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 తెచ్చి, వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివినవాళ్లే స్థానికులని స్పష్టం చేసింది. హైకోర్టులో దీనికి ఎదురుదెబ్బ తగిలినా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఇక్కడ చూడాల్సింది మినహాయింపుల జాబితా. రాష్ట్రం బయట పనిచేసిన ప్రభుత్వోద్యోగుల పిల్లలకు, అఖిల భారత సర్వీసుల అధికారుల పిల్లలకు, తెలంగాణను స్వస్థలంగా నమోదు చేసుకున్న సైనికుల పిల్లలకు సడలింపు ఉంది. అది సబబే. తండ్రి ఉద్యోగరీత్యా దూరంగా ఉంటే ఆ భారం బిడ్డ మీద పడకూడదన్నది దాని వెనక ఉన్న సూత్రం. ఆ సూత్రం ఢిల్లీకి బదిలీ అయిన అధికారి బిడ్డకు వర్తిస్తూ, దోహాలో క్రేన్ నడిపిన మనిషి బిడ్డకు వర్తించకపోవడానికి సరైన కారణం కనిపించదు. ఒకరిని ప్రభుత్వ ఉత్తర్వు పంపింది, మరొకరిని ఊళ్లో పనిలేమి పంపింది. పిల్లల దాకా వచ్చేసరికి రెండూ ఒకటే.

నిజానికి ఇది మన చట్టానికి కొత్త సూత్రమేమీ కాదు. స్థానికులకు పోగా మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్ల నిబంధనల్లో దశాబ్దాలుగా ఒక వాక్యం ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం మినహాయించి, మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే వాళ్ల పిల్లలు ఆ సీట్లకు అర్హులు. అంటే పని కోసం వెళ్లినంత మాత్రాన రాష్ట్రంతో బంధం తెగిపోదని మన నిబంధనే ఒప్పుకుంది. ఇంగ్లండు ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ ప్రభుత్వ విద్యార్థి సాయానికి కోర్సుకు ముందు మూడేళ్ల నివాసం అవసరమే. కానీ విద్యార్థి గానీ, తల్లిదండ్రులు గానీ, జీవిత భాగస్వామి గానీ తాత్కాలిక ఉద్యోగం మీద విదేశంలో ఉన్న కాలాన్ని దేశంలో ఉన్నట్టుగానే లెక్కేస్తారు. వాళ్లు చూసేది తిరిగి రావాలన్న ఉద్దేశంతో వెళ్లారా, అక్కడే స్థిరపడిపోయారా అన్నది. గల్ఫ్ కార్మికుడి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ముందే తెలుసు. అతని వీసా కొద్దికాలానికి ఇచ్చి పొడిగించేది. పౌరసత్వం అతని ఊహకు కూడా అందదు. ఏనాటికైనా ఇంటికి రావాల్సిందే.

ఇక రెండో గీటురాయి ఆదాయం. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థుల ఫీజు సాయానికి కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించకూడదు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఈ పరిమితి రెండున్నర లక్షలు. పోయినేడాది దాకా గల్ఫ్ జీతం అందుకున్న ఇల్లు కాగితం మీద ఈ గీత దాటి కనిపిస్తుంది. ఇవాళ ఆ ఇంటికి రాబడి లేకపోవచ్చు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, దాని మీద వడ్డీ మాత్రం అలాగే ఉంటాయి. ఆదాయ పత్రంలో అప్పుకు గడి లేదు. అయితే ఐర్లాండ్ నుంచి ఇక్కడ నేర్చుకోదగ్గ పద్ధతి ఒకటి ఉంది. అక్కడ మామూలుగా గడిచిన ఏడాది ఆదాయమే చూస్తారు. ఉద్యోగం పోయి పరిస్థితి నిలకడగా దిగజారిందని చూపిస్తే మాత్రం నడుస్తున్న ఏడాది ఆదాయంతో అర్హత తేలుస్తారు. మన దగ్గర ఇది తహసీల్దారు విచక్షణకు వదిలేసే మాట కాకూడదు. వీసా రద్దు పత్రం చూపిన కుటుంబానికి ప్రస్తుత ఆదాయాన్నే లెక్కించాలని స్పష్టంగా రాసి పెట్టాలి.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం న్యాయానికి సంబంధించినది. ఊళ్లోనే ఉండి అరకొర బడుల్లో చదివిన పిల్లలతో గల్ఫ్‌లో ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్లలు పోటీపడితే నష్టం ఎవరికని అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. 1974 ఉత్తర్వు పుట్టిందే వెనకబడ్డ ప్రాంతాల పిల్లల్ని కాపాడటానికి. అందుకే నేను కోరేది 85 శాతం కోటా తలుపులు బార్లా తెరవమని కాదు. ఫీజు సాయం రాష్ట్రాల సొంత పథకం కనుక, దాని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చడానికి రాష్ట్రపతి ఉత్తర్వు జోలికి పోనక్కర్లేదు. తల్లిదండ్రుల నివాసం ఆధారంగా అన్‌రిజర్వుడు సీటు తెచ్చుకున్న వలస కార్మికుడి బిడ్డకు, ఆదాయ పరిమితికి లోబడి, ఫీజు సాయం హక్కుగా దక్కాలి. ఆదాయ పరిమితే ధనిక ప్రవాసుల్ని వడపోస్తుంది. అమెరికాలో ఇల్లు కొనుక్కున్నవాళ్లకూ కువైట్‌లో కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) దగ్గర పాస్‌పోర్టు వదిలేసుకున్నవాళ్లకూ తేడా చెప్పడానికి వేరే జల్లెడ అక్కర్లేదు.

రెండో అభ్యంతరం దొంగ పత్రాల గురించి. సడలింపు ఇస్తే నకిలీలు పుట్టుకొస్తాయంటారు. కానీ విదేశంలో పనిచేసినట్టు రుజువు చేసే ఆధారాలు ఊరి నివాస పత్రం కంటే గట్టివి. పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్రలు ఉంటాయి. వలస అనుమతి అవసరమైన దేశాలకు వెళ్లినవాళ్ల వివరాలు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వ్యవస్థలో ఉంటాయి. యూఏఈలో 2009 నుంచి అమలవుతున్న వేతన రక్షణ విధానంలో జీతాలు బ్యాంకులు, ఎక్స్ఛేంజ్ సంస్థల ద్వారా అందుతాయి. అందుకే తిరిగొచ్చే కుటుంబాలు పాత పాస్‌పోర్టులు, పని ఒప్పందం, రద్దయిన వీసా నకలు, జీతం పడిన బ్యాంకు లెక్కలు, పిల్లల బడి టీసీ పారేయకుండా దాచుకోవాలి. రేపు ఏ సాయానికైనా అవే సాక్ష్యాలు.

మూడో అభ్యంతరం డబ్బు. ఖజానా మీద మరో భారమెందుకంటారు. దక్షిణాదిలోనే ఉన్న కేరళను చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకున్న ఆ రాష్ట్రంలో, ఆ శాఖ కింద పనిచేసే నోర్కా రూట్స్ సంస్థ ఇచ్చే డైరెక్టర్స్ స్కాలర్‌షిప్‌కు తిరిగొచ్చిన కార్మికుల పిల్లలు కూడా అర్హులు. కనీసం రెండేళ్లు విదేశంలో పనిచేసి ఉండటం అక్కడ ఒక అర్హత. మన దగ్గర అడ్డంకిగా నిలిచే ఏళ్లే అక్కడ సాయానికి దారి చూపుతున్నాయి. ఫిలిప్పీన్స్‌లో విదేశాలకు వెళ్లే కార్మికుడి తరఫున సంక్షేమ నిధికి 25 డాలర్లు కడతారు. ఆ నిధి నుంచే అక్కడి కార్మికుల పిల్లల కాలేజీ చదువుకు ఏటా 60,000 పెసోల వరకు స్కాలర్‌షిప్ అందుతుంది. మన దేశానికీ 2009 నుంచి దౌత్య కార్యాలయాల రుసుములతో నడిచే ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది. అది కష్టంలో పడ్డవాళ్లను ఇంటికి చేర్చడానికి ఉపయోగపడుతోంది. ఇంటికి చేరాక పిల్లల చదువు సంగతి చూసే నిధి మాత్రం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకుల ప్రవేశాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని నిర్ణయించింది. మంచి మొదలు. గురుకులం దాటి డిగ్రీ దాకా ఆ చేయి అందాలి.

గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు ఇన్నేళ్లుగా మన పల్లెల్లో ఇళ్లు కట్టించింది, బోర్లు వేయించింది, పెళ్లిళ్లు చేయించింది. ఆ డబ్బు వచ్చేటప్పుడు పంపినవాడు మనవాడా కాదా అని ఏ కార్యాలయమూ అడగలేదు. అతను ఖాళీ చేతులతో తిరిగొచ్చి బిడ్డ చదువు కోసం కౌంటర్ ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ ప్రశ్న అడుగుతున్నాం. దానికి జవాబు అతని పాత పాస్‌పోర్టులోనే ఉంది. వెళ్లిన ముద్ర పక్కనే తిరిగొచ్చిన ముద్ర కూడా ఉంటుంది. ఆ రెండూ చూసి సాయం అందించేలా నిబంధన రాయడమే మిగిలిన పని.