కుక్కపిల్ల కడుపులోని నట్టలు - వాని చికిత్స

ప్రాణులయందు దయ మనసులోనే నిలిచిపోయినచో దానివలన ఏ ప్రాణికిని మేలు కలుగదు. దయకు తోడుగా తెలివియు ఉండవలెను. ఈ సత్యమును మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. అందులకు మూల్యము చెల్లించినది ఒక కుక్కపిల్ల.

వసతిగృహపు భోజనశాల వెనుక ఒక వీధికుక్క నాలుగు పిల్లలను పెట్టినది. వంట చాచా మిగిలిన రొట్టెలను తల్లికి వేయుచుండెను. మేము పిల్లలకు పాలు పోయుచుంటిమి. ఐదు వారములు నిండునప్పటికి వాని పొట్టలు చిన్న కుండలవలె గుండ్రముగా తయారైనవి. పాలు బాగా ఒంటబట్టినవని సంతోషించితిమి. అన్నిటికంటె పెద్ద పొట్టగల పిల్ల ఒకనాడు వాంతి చేసుకొన్నది. ఆ వాంతిలో సేమ్యా పోగులవంటి తెల్లని పురుగులు కదలుచుండెను. మాలో ఒకరు మనుష్యులు వాడు నులిపురుగుల మాత్రను నలిపి, అందాజుగా కొంత పాలలో కలిపి పట్టించిరి. ఇక భయము లేదని రెండు దినములు ఊరకుంటిమి. మూడవనాటి ఉదయమున ఆ పిల్ల చచ్చిపడియుండెను.

తక్కిన మూడింటిని గంపలో పెట్టుకొని పశువైద్యశాలకు పోతిమి. అచ్చటి వైద్యులు ఒక పిల్ల పెదవిని పైకెత్తి చూపి, "చిగుళ్ళు చూచితిరా బాబూ? గులాబిరంగులో ఉండవలసినవి కాగితమువలె పాలిపోయినవి. పొట్ట చూచి మురిసితిరి గాని నోరు చూడలేదు" అనిరి. ఆనాడు వారివలన విన్నదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు తోటి విద్యార్థుల ముందుంచుచున్నాము.

పురుగులు ఎచ్చటినుండి వచ్చును?

కుక్కపిల్ల ప్రేగులలో ముఖ్యముగా కానవచ్చునవి మూడు విధములు. మొదటివి ఏలికపాములు. శాస్త్రమున వీనిని టాక్సోకారా కానిస్ అందురు. తల్లికుక్క కండలలో వీని పిల్లపురుగులు నెలల తరబడి నిద్రాణముగా ఉండును. కుక్క చూలు కట్టిన ఆరు వారములకు అవి మేల్కొని, మావి గుండా గర్భమునందలి పిల్లలను చేరును. అనగా పిల్ల కన్ను తెరవకముందే, నేలను తాకకముందే, దాని శరీరమున పురుగు ఉన్నదన్నమాట. పుట్టిన పిదప తల్లిపాల ద్వారా మరికొన్ని చేరును. మూడు వారముల వయసు వచ్చునప్పటికి అవి ప్రేగులలో పెరిగి గ్రుడ్లు పెట్టసాగును. కావున పిల్లను ఎంత శుభ్రమైనచోట ఉంచినను పురుగులు ఉండవని తలచుట పొరపాటు.

రెండవవి కొంకిపురుగులు. ఇవి మిక్కిలి చిన్నవి, కాని మిక్కిలి క్రూరమైనవి. ప్రేగు గోడను పట్టుకొని రక్తము పీల్చును. పాలద్వారా వచ్చును, తడినేలపై నుండి చర్మమును తొలుచుకొనియు లోపలికి పోవును. చిగుళ్ళు పాలిపోవుట, తారువంటి నల్లని విరేచనము, నీరసము వీని గురుతులు. అరకిలో బరువున్న పిల్లకు ఎంత రక్తముండును? అందుచేత ఇట్టి పిల్లలు కొలది దినములలోనే చనిపోవచ్చును.

మూడవవి బద్దెపురుగులు. వీని తునకలు బియ్యపు గింజలవలె మలద్వారము చుట్టును కానవచ్చును. కుక్క వెండ్రుకల నడుమ గంతులు వేయు ఫ్లీ అను రెక్కలు లేని పురుగును పిల్ల నమలి మ్రింగినప్పుడు ఇవి సంక్రమించును. 1897లో సికిందరాబాదున రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న కథను మనమందరము చదివియున్నాము. అచ్చట దోమను విడిచి మలేరియాను తొలగించుట ఎట్లు సాధ్యము కాదో, ఇచ్చట ఫ్లీని విడిచి బద్దెపురుగును తొలగించుటయు అట్లే సాధ్యము కాదు.

చికిత్సా విధానము

మొట్టమొదట పిల్లను తూచవలెను. మందు మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఉండును. ఏలికపాములకు, కొంకిపురుగులకు చిన్నపిల్లలకు సాధారణముగా ఇచ్చు మందు పైరాంటెల్. కిలో బరువునకు 5 మిల్లీగ్రాముల లెక్కన దీనిని ఇత్తురు. ఒకటిన్నర కిలోల పిల్లకు 7.5 మిల్లీగ్రాములు చాలును. ద్రవరూపమున దొరకు మందులలో ఒక మిల్లీలీటరునకు ఎంత ఔషధమున్నదో సీసా సీసాకు మారును. "ఒక చెంచా" అను లెక్క పనికిరాదు. సీసాపై చదివి, సూదిలేని సిరంజితో కొలిచి, వైద్యుని సలహాతో పట్టింపవలెను. ఫెన్‌బెండజోల్ అను మరియొక మందును కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు దినములు వరుసగా ఇత్తురు. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ అను వేరు మందు కలదు.

రెండవ నియమము మిక్కిలి ముఖ్యమైనది. ఒక్కమారు మందు పోసి ఊరకుండరాదు. మందు ప్రేగులలోని పురుగులను చంపును గాని, ఊపిరితిత్తులలోను కండలలోను తిరుగు పిల్లపురుగులను చాలావరకు తాకజాలదు. అవి కొన్నాళ్ళకు ప్రేగులకు దిగివచ్చును. అందుచేతనే 2, 4, 6, 8 వారముల వయసులలో మందునిచ్చి, ఆ పిదప ఆరు మాసములు నిండువరకు నెలకొకమారు ఇమ్మని వైద్యులు చెప్పుదురు. పిల్లలతోపాటు తల్లికిని మందు పోయవలెను. లేనిచో తల్లి నుండి పిల్లలకు, పిల్లల నుండి తల్లికి పురుగులు మరల తిరుగుచుండును.

మలపరీక్ష మంచిదే. మలమును గాఢమైన ఉప్పునీటిలో కలిపినచో గ్రుడ్లు పైకి తేలును. సూక్ష్మదర్శినిలో ఏలికపాము గ్రుడ్డు మందమైన గరుకు పెంకుతోను, కొంకిపురుగు గ్రుడ్డు పలుచని పెంకుతోను కనబడును. మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో దీనిని చూడవచ్చును. కాని రెండు వారముల పిల్ల ప్రేగులలో ఇంకను గ్రుడ్లు పెట్టని పురుగులు ఉండును గనుక, గ్రుడ్లు కానరాలేదని మందు మానరాదు. జియార్డియా, కాక్సిడియా అను ఏకకణ జీవులు కలిగించు విరేచనములకు చికిత్స వేరు. వానిని గుర్తించుటకు పరీక్ష అవసరము.

చేయరాని పనులు కొన్ని కలవు. మనుష్యుల మాత్రను అందాజుగా విరిచి ఇయ్యరాదు. వానిలో వాడు ఆల్బెండజోల్ కుక్కలలో ఎముకల మూలుగను దెబ్బతీయగలదు. వెల్లుల్లి నూరి పట్టించుట మరియొక దురలవాటు. అది కుక్క రక్తకణములను నాశనము చేయును. రక్తము తక్కువైన పిల్లకు అంతకంటె అపాయము లేదు. చిగుళ్ళు తెల్లబడి పిల్ల లేవలేకున్నచో ఇంటివైద్యము మాని తక్షణమే వైద్యశాలకు చేర్పవలెను. అట్టి పిల్లకు నట్టల మందు ఒక్కటే చాలదు. వెచ్చదనము, సెలైను, ఒక్కొక్కప్పుడు రక్తమెక్కించుట కూడ అవసరమగును.

మన పిల్లల కన్నులు

కుక్కతో మాకేమి పని అనువారు ఈ భాగమును తప్పక చదువవలెను. 1950లో హెలెనార్ వైల్డర్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలు, క్యాన్సరు మొదలగు రోగముల అనుమానముతో తీసివేసిన పిల్లల కనుగ్రుడ్లను పరీక్షించి, కొన్నింటిలో పురుగుల జాడలను కనుగొనిరి. 1952లో బీవర్ మొదలగువారు కుక్క ఏలికపాము పిల్లపురుగులు పసిపిల్లల కాలేయమున సంచరించి వ్యాధి కలిగించునని నిరూపించిరి. కుక్క మలములోని గ్రుడ్లు వెంటనే అంటవు. నేలలో రెండు మూడు వారములు ఉన్న పిదపనే అంటును. అట్లు మారిన గ్రుడ్లు ఏండ్ల తరబడి మట్టిలో బ్రతికియుండును. మట్టిలో ఆడి చేయి కడుగక నోట పెట్టుకొను పసివానికి అదియే ప్రమాదము. కావున మలమును ప్రతిదినము ఎత్తి పారవేయుట, చేతులు సబ్బుతో కడుగుకొనుట, చెప్పులు లేక తిరుగకుండుట ఔషధముతో సమానములు.

కుక్కను ఇంట ఉంచుకొనవచ్చునా అను చర్చ ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. దప్పిగొని తడిమట్టిని నాకుచున్న కుక్కకు బావిలో దిగి, తన పాదరక్షతో నీరు తెచ్చి త్రాగించినవానిని దైవము క్షమించెనని హదీసులలో ఉన్నది. ఉర్దూ విభాగపు మిత్రులు రహమ్ అనునదియు, మనము దయ అనునదియు ఒక్కటే. ఆ మనిషి కుక్క దప్పిని సరిగా గుర్తించెను. మేము మా పిల్ల జబ్బును ఆరోగ్యమని తలచితిమి. భేదము అచ్చటనే ఉన్నది.

మిగిలిన మూడు పిల్లలు బ్రతికినవి. వైద్యులు చెప్పిన తేదీలను భోజనశాల గోడపై సుద్దతో వ్రాసి, ఒక్క తేదీయు తప్పక మందు పోసితిమి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఆవరణలోని కుక్కలకు ఒకేచోట తిండి వేయుటకును, ఆ చోటును ప్రతిదినము శుభ్రపరచుటకును, ఏటేట పశువైద్యులను పిలిపించుటకును ఏర్పాటు చేయింప ప్రార్థన. తూచుట, తేదీలు వ్రాయుట, మందు పోయుట విద్యార్థులమైన మేము చూచుకొందుము.