రీబూట్ వేరు, యాక్టివేట్ వేరు: పవర్ సర్వర్‌లో బూట్ మోడ్ మార్చడం

మీ ఫోన్ లోగో దగ్గరే ఆగిపోతే ఏం చేస్తారు? పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి రికవరీ మోడ్‌లోకి వెళ్తారు కదా. ఐబీఎం పవర్ సర్వర్లలో కూడా ఇలాంటి మోడ్లు ఉన్నాయి. కాకపోతే అక్కడ బటన్ నొక్కడం కుదరదు. ఒకే డబ్బాలో చాలా సర్వర్లు నడుస్తుంటాయి. ఒక్కోదాన్ని ఎల్‌పార్ అంటారు. 2001లో పీ690తో ఇది మొదలైంది. 2004లో పవర్5 వచ్చాక ఒక ఎల్‌పార్‌కి ప్రాసెసర్‌లో పదో వంతు ఇచ్చినా సరిపోయేది. అలాంటి డబ్బాని ఆపేస్తే మీ ఎల్‌పార్‌తో పాటు పక్కవాళ్ళవీ ఆగిపోతాయి. అందుకే పని అంతా హెచ్‌ఎంసీ అనే వేరే కంట్రోల్ మెషీన్ నుంచి చేస్తారు.

మోడ్లు ఐదు. నార్మల్, ఎస్‌ఎంఎస్, రెండు రకాల డయాగ్నస్టిక్, ఇంకా ఓపెన్ ఫర్మ్‌వేర్. మెసేజ్‌లు పంపే ఎస్‌ఎంఎస్ కాదండోయ్, ఇది సిస్టమ్ మేనేజ్‌మెంట్ సర్వీసెస్. ఏఐఎక్స్ లోడ్ అవ్వకముందే వచ్చే మెనూ. ఎక్కువగా అవసరం పడేది ఇదే.

ఎప్పుడంటే, కన్సోల్ మీద 0552, 0554, 0556 లాంటి కోడ్ వచ్చి బూట్ అక్కడే ఆగిపోయిందనుకోండి. ఫైల్ సిస్టమో దాని లాగో పాడై ఉండొచ్చు, బూట్ డిస్క్‌లోనే తేడా ఉండొచ్చు. అప్పుడు ఎల్‌పార్‌ని ఎస్‌ఎంఎస్‌లో లేపి, ఇన్‌స్టాల్ మీడియా నుంచి గానీ నెట్‌వర్క్ నుంచి గానీ మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్ళి రిపేర్ చేస్తారు. ఇంకో విషయం, బూట్‌లిస్ట్ అని ఏఐఎక్స్‌లో ఒక కమాండ్ ఉంది. చాలామంది దీన్నీ బూట్ మోడ్‌నీ కలిపేస్తారు. బూట్‌లిస్ట్ చెప్పేది ఏ డిస్క్ నుంచి లేవాలని. మోడ్ చెప్పేది ఎక్కడ ఆగాలని.

ఇప్పుడు అసలు పాయింట్. మోడ్ మార్చడానికి రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి, యాక్టివేట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్‌లో ఎంచుకోవడం. అది ఆ ఒక్కసారికే. రెండోది, ఎల్‌పార్ ప్రొఫైల్‌లోనే మార్చి సేవ్ చేయడం. అది మళ్ళీ మార్చేదాకా అలాగే ఉండిపోతుంది. పైగా ప్రొఫైల్‌లో మార్చింది ఏఐఎక్స్ లోపల రీబూట్ కొడితే పట్టదు. రీబూట్ ప్రొఫైల్‌ని మళ్ళీ చదవదు. ఎల్‌పార్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, హెచ్‌ఎంసీ నుంచి ఆ ప్రొఫైల్‌తో యాక్టివేట్ చేయాలి.

ప్రమాదం ఇక్కడే ఉంది. ఎవరో రిపేర్ కోసం ప్రొఫైల్‌లో ఎస్‌ఎంఎస్ పెట్టి మర్చిపోయారు. ఆ తర్వాత పది సార్లు రీబూట్ చేసినా అంతా బాగానే కనిపిస్తుంది. ఆర్నెల్ల తర్వాత డేటా సెంటర్‌లో కరెంటు పని కోసం డబ్బా మొత్తం ఆపి, అర్ధరాత్రి ఎల్‌పార్లన్నీ యాక్టివేట్ చేస్తారు. అన్నీ లేస్తాయి, ఇదొక్కటి తప్ప. ఇది మెనూ చూపిస్తూ కూర్చుంటుంది. అప్లికేషన్ వాళ్ళేమో సర్వర్ చచ్చిపోయిందని ఫోన్ల మీద ఫోన్లు. నిజానికి ఏమీ పాడవలేదు! మెనూ నుంచి నార్మల్ బూట్ ఎంచుకుంటే లేస్తుంది.

కాబట్టి నా ఓటు ఎప్పుడూ మొదటి పద్ధతికే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నైట్ షిఫ్ట్ సపోర్ట్‌లో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, పెద్ద షట్‌డౌన్ ఉందని తెలిస్తే ముందురోజే హెచ్‌ఎంసీలో ప్రతి ప్రొఫైల్ బూట్ మోడ్ ఒకసారి చూసుకోండి. ఎక్కడైనా ఎస్‌ఎంఎస్ కనిపిస్తే ఎవరు ఎందుకు పెట్టారో అడిగి, ఆ తర్వాతే నార్మల్‌కి మార్చండి.