సృష్టికర్త శపించిన సూపర్‌మ్యాన్‌

తుపాకి గుళ్లు అతన్నేం చేయలేవు. రైలు పట్టా విరిగిపోతే ఆ చోట తానే పడుకుని బండిని దాటిస్తాడు. కూలిపోతున్న హెలికాప్టర్‌ను ఒంటిచేత్తో ఆపుతాడు. అలాంటి సూపర్‌మ్యాన్‌ సినిమాకి శాపం పెట్టారొకరు. విలన్‌ కాదు, అతన్ని పుట్టించిన రచయితే! 1978లో వచ్చిన ఆ సినిమాని ఇప్పుడు మళ్లీ చూస్తే తెరమీది కథతో పాటు తెరవెనక కథా కదిలిస్తుంది.

చీకట్లో తెర తొలగుతుంది. ఓ చిన్నారి చేయి కామిక్‌ పుస్తకం పేజీలు తిప్పుతుంటే, పిల్లగొంతు కథ చెబుతుంటుంది. అంతలో జాన్‌ విలియమ్స్‌ సంగీతం హోరెత్తుతుంది. అంతరిక్షంలోంచి నీలిరంగు అక్షరాలు రివ్వున దూసుకొస్తాయి. రిచర్డ్‌ డోనర్‌ తీసిన ‘సూపర్‌మ్యాన్‌’ మొదలయ్యేది అలాగే. మార్లన్‌ బ్రాండో, జీన్‌ హ్యాక్‌మన్‌... అన్నీ హేమాహేమీల పేర్లే. వాటి మధ్యలో ఓ కార్డు వచ్చి వెళ్లిపోతుంది. సూపర్‌మ్యాన్‌ సృష్టికర్తలు జెర్రీ సీగెల్‌, జో షుస్టర్‌ అని. కనురెప్ప వేసేలోగా మాయమయ్యే ఆ రెండు పేర్లూ అక్కడికి చేరడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఇద్దరు కుర్రాళ్లు... ఒక చెక్కు

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు సీగెల్‌, షుస్టర్‌. ఒకరు కథ రాస్తే ఒకరు బొమ్మ వేసేవారు. 1932లో సీగెల్‌ తండ్రి బట్టల దుకాణంలో దొంగలు పడ్డారు. ఆ గొడవలో ఆయన అక్కడే కుప్పకూలి చనిపోయారు. బలహీనుల్ని కాపాడే మహాబలుడి కథను ఆ కుర్రాళ్లు అల్లింది ఆ తర్వాతి రోజుల్లోనే. దాన్ని పట్టుకుని ప్రచురణకర్తల చుట్టూ ఏళ్లతరబడి తిరిగారు. అందరూ వద్దన్నారు. చివరికి 1938లో ‘యాక్షన్‌ కామిక్స్‌’ తొలి సంచికలో చోటు దొరికింది. పదమూడు పేజీల కథకీ, ఆ పాత్ర మీద సర్వహక్కులకీ కలిపి ముట్టింది 130 డాలర్లు. తలా 65!

ఆ తర్వాత సూపర్‌మ్యాన్‌ రేడియోకెక్కాడు. కార్టూన్‌ అయ్యాడు, సీరియల్‌ అయ్యాడు, బొమ్మలై అంగళ్లకెక్కాడు. లాభాలన్నీ కంపెనీవే. హక్కుల కోసం 1947లో స్నేహితులు కోర్టుకెక్కారు. చివరికి కొంత సొమ్ము తీసుకుని రాజీపడక తప్పలేదు. ఆ తర్వాత కామిక్స్‌ మీద వాళ్ల పేర్లు కూడా కనిపించలేదు. సీగెల్‌ చిన్న గుమాస్తా ఉద్యోగంలో చేరాడు. షుస్టర్‌ చూపు మందగించి, గీయడమే కష్టమైపోయింది.

అలాంటి రోజుల్లో, 1975లో, సూపర్‌మ్యాన్‌ని భారీ సినిమాగా తీస్తున్నారన్న వార్త వచ్చింది. అరవై దాటిన సీగెల్‌లో ఇన్నేళ్ల కడుపుమంట ఒక్కసారిగా బయటపడింది. ఆ సినిమాకి శాపం పెడుతున్నానంటూ పేజీలకొద్దీ లేఖ రాసి పత్రికలకు పంపాడు. కార్టూనిస్టులు నీల్‌ ఆడమ్స్‌, జెర్రీ రాబిన్‌సన్‌ వారి పక్షాన నిలబడి ఉద్యమించారు. టీవీలూ పత్రికలూ ఆ ముసలి స్నేహితుల దుస్థితిని ఇంటింటికీ చేర్చాయి. కంపెనీ దిగొచ్చింది. 1975 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కరికీ ఏడాదికి 20 వేల డాలర్ల పింఛను, వైద్య ఖర్చులు. అన్నిటికన్నా ముఖ్యం... సూపర్‌మ్యాన్‌ కథ ఎక్కడ వచ్చినా వాళ్ల పేర్లు వేయాలి. శాపం పెట్టిన ఆ సినిమా టైటిల్స్‌లోనే అవి వెలిగాయి!

ఎగిరితే నమ్మాలి!

ఇంతకీ ఆ సినిమాలో ఏముంది?

‘మనిషి ఎగరగలడని మీరే నమ్ముతారు’ అన్నది పోస్టర్ల మీది హామీ. 1948 నాటి సీరియల్‌లో సూపర్‌మ్యాన్‌ ఎగరాల్సి వచ్చినప్పుడల్లా కార్టూన్‌ బొమ్మగా మారిపోయేవాడు. డోనర్‌కి అది వద్దు. ‘నిజమనిపించాలి’ అన్న అర్థం వచ్చే మాటను ఆఫీసులో గోడకు తగిలించుకుని మరీ పనిచేశాడాయన. కంప్యూటర్‌ గ్రాఫిక్స్‌ లేని కాలం. తీగలు కట్టారు, క్రేన్లు వాడారు, బొమ్మలు ఎగరేశారు. అసలు కిటుకు మాత్రం జోరన్‌ పెరిసిక్‌ రూపొందించిన పరికరానిది. వెనక తెరమీద ఆకాశాన్ని చూపే ప్రొజెక్టరుకీ, ముందున్న కెమెరాకీ ఒకేరకం జూమ్‌ లెన్సులు పెట్టి, రెండూ ఒకేసారి కదిలేలా చేశాడు. దాంతో ఆకాశం ఉన్నంతే ఉండేది. గాల్లో వేలాడుతున్న నటుడు మాత్రం మనమీదికే దూసుకొస్తున్నట్టు కనిపించేవాడు. ఈ సినిమా స్పెషల్‌ ఎఫెక్ట్స్‌కి ప్రత్యేక ఆస్కార్‌ దక్కింది.

ఎన్ని యంత్రాలున్నా, ఎగిరేవాడి ముఖంలో నమ్మకం లేకపోతే అంతా వృథాయే. ఆ ముఖం క్రిస్టఫర్‌ రీవ్‌ది. ఎంపికైనప్పుడు పెద్దగా ఎవరికీ తెలియని రంగస్థల నటుడు. వయసు 24. ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, దానికి తగ్గ ఒళ్లు లేదు. కండలున్నట్టు కనిపించే దుస్తులు తొడుగుతామంటే వద్దన్నాడు. ‘స్టార్‌ వార్స్‌’లో డార్త్‌ వేడర్‌ వేషం కట్టిన డేవిడ్‌ ప్రౌజ్‌ దగ్గర కసరత్తు చేసి నిజంగానే కండలు పెంచాడు.

కండలకన్నా గొప్ప సంగతి మరొకటుంది. లోయిస్‌ లేన్‌ ఇంట్లో ఓ సన్నివేశం. ఆమె పక్కగదిలో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్న బెరుకు విలేకరి క్లార్క్‌ కెంట్‌ తానెవరో చెప్పేద్దామనుకుంటాడు. కళ్లజోడు తీస్తాడు. వంగిన భుజాలు నిటారవుతాయి. గొంతు గంభీరమవుతుంది. అంతలోనే ధైర్యం చాలదు. మళ్లీ కళ్లజోడు, మళ్లీ వంగిన వీపు, మళ్లీ నత్తి. కెమెరా కట్‌ లేదు, మేకప్‌ మారలేదు. ఒకే మనిషి మన కళ్లముందే ఇద్దరైపోతాడు. కళ్లజోడు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా అని వెక్కిరించేవాళ్ల నోరు మూయించే సన్నివేశమిది.

అన్నీ ఉన్నా...

ఈ సినిమాలో బాగా గుర్తుండిపోయే చావు విలన్‌ చేతిలో జరిగింది కాదు. క్లార్క్‌ని పెంచిన తండ్రి పల్లెటూళ్లో ఇంటిముందే గుండెపోటుతో కూలిపోతాడు. రైలును దాటేసి పరుగెత్తగల కొడుకు ఏమీ చేయలేకపోతాడు. ఇన్ని శక్తులుండీ నాన్నను కాపాడుకోలేకపోయానంటాడు సమాధి దగ్గర. సీగెల్‌ తండ్రి సంగతి తెలిసినవారికి ఆ సన్నివేశం మరింత బరువుగా తోస్తుంది. కొండలు మోసేవాడిలోనూ ఒక నిస్సహాయుడైన కొడుకున్నాడు. అందుకే చెట్టెక్కిన పిల్లిని దించి ఓ పాపకు అందించినప్పుడు కూడా అతను ప్రపంచాన్ని కాపాడినంత శ్రద్ధగానే కనిపిస్తాడు.

లోపాలు లేవా? ఉన్నాయి. హ్యాక్‌మన్‌ వేసిన లెక్స్‌ లూథర్‌ది అచ్చమైన భూ దందా. ఎడారిలో చౌకగా భూములు కొనేసి, క్షిపణితో కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో కలిపేస్తే తన స్థలాల ధర పెరుగుతుందని లెక్క! సరదాగా ఉన్నా, అతని అనుచరుడి వెర్రిచేష్టలు శ్రుతిమించాయి. భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి నడిపించే ముగింపయితే అప్పుడూ ఇప్పుడూ చర్చే. అయినా సినిమా ప్రపంచమంతటా ఘనవిజయం సాధించింది. మన దగ్గర 1980లో వి.మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్‌ ‘సూపర్‌మ్యాన్‌’ వచ్చింది. అందులో హీరోకి శక్తులిచ్చింది వేరే గ్రహం కాదు, సాక్షాత్తూ ఆంజనేయస్వామి!

మిగిలింది పేరే

రెండో భాగం చాలావరకు తీసిన డోనర్‌ని నిర్మాతలు మధ్యలోనే తప్పించారు. ఆయన 2021లో కన్నుమూశారు. 1995లో గుర్రం మీంచి పడ్డ రీవ్‌ మెడ కిందినుంచి చచ్చుబడిపోయి చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. అయినా వెన్నుపూస గాయాలమీద పరిశోధనల కోసం 2004లో చనిపోయేదాకా పోరాడారు. 2025లో వచ్చిన కొత్త ‘సూపర్‌మ్యాన్‌’లో ఆయన కొడుకు విల్‌ రీవ్‌ టీవీ విలేకరిగా కాసేపు కనిపిస్తాడు.

ఇక మొదటి సంగతి. 1978 సినిమాలో సూపర్‌మ్యాన్‌ తండ్రిగా కాసేపు కనిపించినందుకు బ్రాండోకి ఇచ్చింది 37 లక్షల డాలర్లు, లాభాల్లో వాటా అదనం. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన ఇద్దరికీ ఇచ్చింది 130. ఆ 130 డాలర్లు రాసి ఉన్న పాత చెక్కును 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. అది చూడటానికి షుస్టర్‌ లేడు, 1992లో పోయాడు. సీగెల్‌ లేడు, 1996లో పోయాడు. టైటిల్స్‌లో వాళ్ల పేర్లు మాత్రం ఉన్నాయి. ఈసారి సినిమా చూస్తే, సూపర్‌మ్యాన్‌ ఎగిరేదాకా ఆగకుండా ఆ కార్డు దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి.