గొలుసు బిగియకముందే పట్టా సరిచూసుకోవాలి

శివకాశి పొరుగున ఉన్న తిరుత్తంగల్ పరిసరాలలో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంటి మాట తెలుగు. పట్టా, దస్తావేజులు మాత్రం తమిళం. మన సరిహద్దు గ్రామాలలోనూ అనేక కుటుంబాల స్థితి ఇదే. భూమి రిజిస్ట్రేషన్లకు ‘బ్లాక్‌చెయిన్’ వస్తే మోసాలకు తావుండదన్న మాట ఇపుడు తరచుగా వినిపిస్తున్నది. అందులో నిజమెంత?

బ్లాక్‌చెయిన్ అంటే గొలుసుకట్టు లెక్కల పుస్తకం. దుకాణపు లెక్కలలో ఒక పుట మొత్తాన్ని తరువాతి పుట తలపై వేస్తారు. నడుమ ఒక అంకె దిద్దితే ఆ పై పుటలన్నీ పొసగవు, మోసం బయటపడుతుంది. ఇదీ అటువంటిదే. ప్రతి నమోదు నుండి కంప్యూటరు ఒక ముద్రను గణించి తరువాతి నమోదులో చేరుస్తుంది. ప్రతులు అనేక కంప్యూటర్లలో ఉంటాయి గనుక పాత నమోదును రహస్యంగా మార్చడం మిక్కిలి కష్టం.

జార్జియా దేశం 2016లో భూమి పత్రాలకు ఈ పద్ధతిని చేపట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో కలసి ప్రయోగానికి పూనుకున్నది. తమిళనాడు 2020లో బ్లాక్‌చెయిన్ విధానాన్ని ప్రకటించింది. హోండురాస్‌లో 2015 నాటి ప్రయత్నం మాత్రం ముందుకు సాగలేదు.

అయితే గొలుసు నమోదును కాపాడుతుందే గాని, నమోదైనది సత్యమో కాదో చెప్పదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదయ్యేది దస్తావేజు. యాజమాన్యానికి ప్రభుత్వం పూచీ పడదు. తాతగారి పేరిటే పట్టా నిలిచిపోయి, వారసుల పేర్లు ఎక్కకపోతే గొలుసు ఆ లోపాన్నే పదిలపరుస్తుంది.

మనకు మరొక చిక్కు ఉన్నది. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ప, బలకూ ఒకే అక్షరం. అందువల్ల ‘బాలయ్య’ పేరు తమిళం నుండి ఇంగ్లీషులోకి మారేటపుడు ‘పాలయ్య’ కావచ్చు. ఆధార్‌లో ఒకటి, పట్టాలో మరొకటి. ఊరి అధికారి నలుగురిని విచారించి ఇద్దరూ ఒకరేనని గ్రహించగలడు. యంత్రానికి వారు వేర్వేరు మనుషులు.

కాబట్టి ఇప్పుడే చేయదగిన పనులు మూడు. తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో విల్లంగ పత్రం, అనగా ఈసీ, తీసి మన సర్వే నంబరుపై ఏయే దస్తావేజులు నమోదయ్యాయో చూడాలి. పెద్దలు గతించి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం సిద్ధం చేసి, ఈ-సేవై కేంద్రం ద్వారా పట్టా మార్పిడికి దరఖాస్తు చేయాలి. పట్టా, దస్తావేజు, ఆధార్ మూడింటిలో పేరు, తండ్రి పేరు ఒకే విధంగా ఉన్నవో లేవో సరిచూసి, పట్టాలో తప్పు ఉంటే తాలూకా కార్యాలయంలో సవరణ కోరాలి.

బ్లాక్‌చెయిన్ రేపు రావచ్చు, ఆలస్యం కావచ్చు. ఎప్పుడు వచ్చినా, నేడు మన కాగితంలో ఉన్నదే రేపు ఆ గొలుసులో మొదటి కడియం అవుతుంది.