ఫోను చెప్పు అడుగుల లెక్క

సెల్ ఫోను లేని యిల్లు మన గ్రామములలో నేడు అరుదు. ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వరకు గల అడవి యంచు పల్లెలలో సైతము, మధుమేహము గలవారు దినమున కెన్ని యడుగులు నడచిరో ఫోను చూచి చెప్పుచున్నారు. ఈ లెక్క నెంతవరకు నమ్మవచ్చునో రైతులు తెలిసికొనుట మేలు.

ఫోను మన పాదమును చూడదు. అందులోని చిన్న సాధనము దేహపు కుదుపులను గ్రహించి, క్రమముగా వచ్చు కుదుపును అడుగుగా నెంచును. చదునైన బాటపై ఫోను జేబులో నుంచుకొని చురుకుగా నడచినచో లెక్క నిజమునకు దగ్గరగా నుండును. బురదమడిలో మెల్లగా కదలునప్పుడు కొన్ని యడుగులు తప్పిపోవును. చొక్కాతోపాటు ఫోనును చెట్టుకు తగిలించి నాగలి పట్టినవానికి లెక్కయే యుండదు. ట్రాక్టరుపై గతుకుల బాటను పోవువానికి నడవని యడుగులు చేరవచ్చును.

కావున దినమెల్ల పొలమున శ్రమించినవాడు తక్కువ అంకెను చూచి చింతింపనక్కరలేదు. పదివేల అడుగుల నియమము వైద్యశాస్త్రము విధించినది కాదు. 1965లో జపానులో విక్రయించిన యొక అడుగులయంత్రము పేరునుండి వ్యాపించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమను సూచించినది. అది కాలమును బట్టిన లెక్క.

అడుగను మాటకు మనలో రెండర్థములు గలవు: పాదము వేయుట యొకటి, 12 అంగుళముల కొలత రెండవది. ఫోను లెక్కించునది మొదటిదే. దూరమును మన అంగ పొడవు నూహించి చెప్పును. 1865లో లాసాకు బయలుదేరిన సర్వేయరు నైన్‌సింగు, తన అంగను సమముగా నుంచుటకు శిక్షణ పొంది, 100 పూసల మాలపై అడుగులు లెక్కించెను. అట్టి శిక్షణ లేని మన నడక గట్టుపై నొకరీతి, దుక్కిలో నొకరీతి.

భూమిని ఈ విధముగా కొలుచుట నష్టకరము. ప్రతి ప్రక్కను పదింట నొకవంతు హెచ్చుగా నెంచినచో, ఒక ఎకరము ఎకరము ఎనిమిది గుంటలకు పైగా తోచును. ఆ లెక్కతో ఎరువు కొన్నచో ధనము వ్యర్థము. మందు చల్లినచో పైరునకు హాని. గట్టు తగవు పెట్టుకొన్నచో ఇరుగుపొరుగుల మైత్రికి చేటు. 66 అడుగుల గొలుసుతో కొలువుడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము.

మీ ఫోనును పరీక్షించుట సులభము. నోటితో లెక్కించుచు 100 అడుగులు నడచి, ఫోను అంకెతో పోల్చుడు. మూడుమారులు చేసినచో దాని గుణము తెలియును. నిన్నటికంటె నేడెక్కువ నడచితిమా యని చూచుకొనుటకు ఫోను చాలును. హద్దు నిర్ణయమునకు గొలుసును, రోగ నిర్ణయమునకు వైద్యుని ఆశ్రయింపుడు.