తాత చెవి చెప్పిన కథ

మీకు తెలుసా? మగవారి చెవులపై పెరిగే వెంట్రుకల గురించి పరిశోధించి, ప్రపంచ జన్యుశాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించిన ఒక శాస్త్రవేత్త మన విజయనగరం ఎమ్మార్ కాలేజీ విద్యార్థే! పిఠాపురంలో పుట్టిన ఆయన పేరు కృష్ణ ద్రోణంరాజు.

ఆయన గురువు సామాన్యుడు కాదు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేసిన పరిణామ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. రెండు జాతులు సంకరమై పుట్టిన సంతానంలో ఆడవో మగవో, ఒక లింగానివి మాత్రమే గొడ్డుపోతే, సాధారణంగా అవి రెండు రకాల లింగ క్రోమోజోములున్నవే అయి ఉంటాయని ఆయన 1922లోనే గుర్తించారు. క్షీరదాల్లో అవి మగవి. పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో ఆడవి. దీన్నే హాల్డేన్ సూత్రం అంటారు.

ఇక చెవుల సంగతి. వయసు మళ్ళిన కొందరు మగవారికి చెవి డొప్ప అంచున పొడుగాటి వెంట్రుకలు మొలుస్తాయి. తాతకుంటే తండ్రికీ, తండ్రికుంటే కొడుక్కీ వస్తాయని ఇళ్ళల్లో అనుకోవడమూ ఉంది. మగవారిలో ఉండే వై అనే లింగ క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. మరి ఈ వెంట్రుకల జన్యువు దానిమీదే ఉందా? ద్రోణంరాజు ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు గీసి, అలాగే ఉండవచ్చని 1960లో ప్రచురించారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. చూసే కళ్ళు, అడిగే ఓపిక చాలు.

2004లో దక్షిణ భారతదేశంలోని మగవారి డీఎన్‌ఏ పరీక్షించగా మరో సంగతి తేలింది. చెవి వెంట్రుకలున్నవారి వై క్రోమోజోములు ఒకే వంశానివి కావు, రకరకాల శాఖలవి. అంటే ఆ జన్యువు వేరే క్రోమోజోముపై ఉండి, మగవారిలో మాత్రమే బయటపడుతూ ఉండవచ్చు. జవాబు మారింది, కానీ ఆ ప్రశ్నను ఓపికగా పరిశోధించినవారిలో ద్రోణంరాజు ఒకరు.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు పార్థివ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ద్రోణంరాజు అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడి, గురువు జీవితంపై పుస్తకాలు రాశారు. 2020లో మరణించారు.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతగారి చెవులను ఓసారి పరికించండి. తర్వాత నాన్నవీ, చిన్నాన్నవీ చూసి, ఓ కాగితం మీద వంశవృక్షం గీయండి. చెవి వెంట్రుకలపై ద్రోణంరాజు పరిశోధన సాగింది కూడా అలాంటి వంశవృక్షాలతోనే.